తగిలించినవాళ్ళే తియ్యాలి

డ్రైవరమ్మ డ్యూటీకని గడప దాటిందో లేదో, పిల్ల అందుకుంది. ముందు చిన్న మూలుగు, ఆ వెనక ఒక కేక, ఇక అక్కణ్ణుంచి ఇల్లు పీకి పందిరేసే ఏడుపు. పాలు పడితే తాగి ఏడ్చింది. గుడ్డ మారిస్తే పొడిగా ఏడ్చింది. భుజాన వేసుకుని వంటింటికీ ముందు గదికీ మధ్య తిప్పితే తిరుగుతూ ఏడ్చింది. డాక్టరు దగ్గరికి ఇప్పటికే రెండుసార్లు తీసుకెళ్ళారు. ఆయన పిల్లని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లకేం లేదమ్మా, కొంతమంది ఈ నెలల్లో ఇలాగే ఏడుస్తారు, వాళ్ళే మానేస్తారు" అన్నాడు. ఏం లేదనడం ఆయనకెంత తేలిక! ఏదో ఒకటి ఉందంటే ఇంత మందైనా వేసేవాళ్ళు.

పిల్లని ఎత్తుకుని తిరుగుతున్న ఆ తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనిలో అందరూ మేస్త్రి అంటారు. భార్య సిటీ బస్సు నడుపుతుంది, అందుకని చుట్టుపక్కలవాళ్ళకి ఆవిడ డ్రైవరమ్మ. ఆవిడ సెలవంతా కాన్పుకీ ఆ తర్వాతకీ అయిపోయింది. పిల్లల్ని చూసుకునే కేంద్రంవాళ్ళేమో ఇంకాస్త పెద్దదైతేగానీ తీసుకోమన్నారు. అప్పటిదాకా ఎవరు చూస్తారన్న ప్రశ్న రాగానే మేస్త్రి మీసం దువ్వి, "ఇరవై అంతస్తుల లిఫ్టుని వేలితో దించేవాణ్ణి, ఇంత పిల్లని పడుకోబెట్టలేనా?" అని తనే సెలవు పెట్టాడు. అనడానికేం, నోటికి నరం లేదు కదా. ఇప్పుడు ఆ నోట్లో తడి కూడా లేదు.

సలహాలకేం కరువు లేదు. ఫోన్లో అత్తగారు మొహాన చన్నీళ్ళు కొట్టుకోమంది. పనిలో తోటివాడు పొట్టి బావ (నిజానికి ఏ చుట్టరికమూ లేదు, ఒకర్నొకరు బావా అని పిలుచుకుంటారు, అంతే) వందనుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు. డ్రైవరమ్మ బస్సు డిపోలో నేర్పిన కిటుకు చెప్పింది. గుప్పిళ్ళు గట్టిగా బిగించి ఒక్కసారిగా వదిలెయ్యాలిట, వాటితోపాటు భుజాలూ దిగుతాయిట. ఇంకెవరో చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు మనసులో చదువుకోమన్నారు. చదువుకున్నాడు. మంచం, బీరువా, ఏడుపు, ఫ్యాను, ఏడుపు. ఒడ్డున కూర్చున్నవాడు ఎన్ని ఈతలైనా నేర్పుతాడు.

తమాషా ఏమిటంటే, ఈ మేస్త్రి కూడా ఒడ్డున కూర్చుని బోలెడు ఈతలు నేర్పినవాడే. లిఫ్టు మధ్యలో ఆగిపోయి, లోపల ఇరుక్కున్నవాళ్ళు తలుపు బాదుతూ అరుస్తుంటే, పైనుంచి వాళ్ళతో మాట్లాడి నిమ్మళపరచడంలో అతని తర్వాతే ఎవరైనా. "ముందు కూర్చోండమ్మా. వీపు గోడకి ఆనించండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. పీల్చడం సంగతి అదే చూసుకుంటుంది, మీరు వదలడం మీదుండండి" అనేవాడు. ఆ మాటలకి ఎంతటివాళ్ళయినా మెత్తబడేవాళ్ళు. ఆ మాటలు తనకి తాను చెప్పుకోవచ్చన్న ఆలోచన మాత్రం అతనికి రాలేదు. తనదాకా వస్తే ఎవరికీ రాదేమో.

పిల్ల ఇంకో కేక పెట్టింది. పక్క వాటాలోంచి గోడమీద దబదబమని మూడు దెబ్బలు పడ్డాయి. అక్కడ ఉండేది ఒంటరి పెద్దావిడ. ఈ పిల్ల పుట్టినప్పట్నుంచీ ఆవిడకి గోడ కొట్టడమే పని. మొగుడూ పెళ్ళాలు చాటుగా గోడ పిన్ని అని పేరు పెట్టుకున్నారు. ఎప్పుడూ ఆ దెబ్బలకి నవ్వుకునే మేస్త్రికి ఆ పూట నవ్వు రాలేదు. తల లోపల ఏదో పిగిలిపోయింది.

"ఆపవే! ఆపు! ఏం కావాలే నీకు?" అని అరిచాడు.

పిల్లని రెండు చేతులతో భుజాల దగ్గర పట్టుకుని మొహానికి ఎదురుగా ఎత్తి ఉన్నాడు. ఎప్పుడు అలా పట్టుకున్నాడో తెలీదు. తన వేళ్ళు చూసుకున్నాడు. గోళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఇనుప తాళ్ళు లాగి లాగి కాయలు కాచిన వేళ్ళు అవి, వాటి మధ్య ఉన్నది అరచెయ్యంత ఛాతీ. ఒక్క ఊపు ఊపితే నోరు మూస్తుంది. ఆ మాట ఎవరో చెవిలో చెప్పినట్టు స్పష్టంగా వినిపించింది. చెప్పింది తనే.

అతని గురువు ఒక ముసలి మెకానిక్, చెప్పిన సూత్రాలు రెండే. చెయ్యి వణికిందా, గొయ్యిలోంచి బయటికొచ్చెయ్, పని తర్వాత. రెండోది రేకు సంగతి. లిఫ్టు గొయ్యిలో దిగేముందు మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి ఒక ఎర్ర రేకు తగిలిస్తారు. "లోపల మనిషి ఉన్నాడు. స్విచ్ వెయ్యకండి" అని రాసుంటుంది. స్విచ్చుగది తాళంచెవి జేబులో వేసుకుంటారు. ఆ రేకుని తగిలించినవాడే తియ్యాలి. ఓనరొచ్చి గంతులేసినా, మంత్రిగారు కింద నిలబడినా, ఇంకొకడు దానిమీద చెయ్యి వెయ్యకూడదు. ఇంట్లో ఈ సూత్రం వినీ వినీ డ్రైవరమ్మకి విసుగు పుట్టింది కూడా. పంచదార డబ్బా మూత నువ్వు తీశావు, నువ్వే పెట్టాలి అని ఆటపట్టించేది.

మేస్త్రి పిల్లని పడకగదిలో కటకటాల చిన్న మంచంలో పెట్టాడు. తలుపు దగ్గరికి లాగాడు. పని సంచీలోంచి ఎర్ర రేకు తీసి ఆ తలుపు గొళ్ళేనికి తగిలించాడు. వీధి తలుపు పక్కన కొక్కేనికున్న తాళంచెవి అందుకుని, బయట మెట్ల దగ్గరికొచ్చి, వెనకనున్న తలుపు లాగేశాడు. టక్కుమంది.

రెండు ఊపిర్లు తీశాడో లేదో, గుప్పిట్లో ఉన్నదాన్ని చూసుకున్నాడు. అది ఇంటి తాళంచెవి కాదు. ఆ మేడ లిఫ్టు చూసేది కూడా అతనే కాబట్టి, ఆ స్విచ్చుగది తాళంచెవి కూడా అదే కొక్కేనికి ఉంటుంది. రేకు తగిలించిన చెయ్యి, అలవాటు చొప్పున దాని జంట తాళంచెవినే పట్టుకొచ్చింది. వీధి తలుపేమో దానంతటదే పడే తాళం. ఫోను లోపల. పనిముట్లు లోపల. పిల్ల లోపల.

తలుపు బాదాడు. భుజంతో గుద్దాడు. ఇనుప చట్రం వేయించింది తనే, దొంగలు రాకూడదని. అది దొంగకీ తండ్రికీ తేడా చూపించలేదు. గుద్దిన ప్రతిసారీ లోపల పిల్ల ఏడుపు ఇంకాస్త పైకి లేచింది.

పక్క తలుపు తెరుచుకుంది. "ఏమయ్యా! పొద్దుట్నుంచీ ఆ ఏడుపు చాలలేదా, ఇప్పుడు తలుపులు బాదుడు కూడానా?" అంది గోడ పిన్ని.

"పిన్నిగారూ, తలుపు తాళం పడిపోయిందండీ. పిల్ల లోపలుంది."

"తాళంచెవేదీ?"

గుప్పిట తెరిచి చూపించాడు. "ఇది లిఫ్టు గదిదండీ."

"బాగుంది సంబడం! పిల్లని లోపలుంచి లిఫ్టు తాళంచెవి పట్టుకొచ్చావా? మీ ఆవిడకి ఫోన్ చెయ్యి. ఇదిగో, నాది తీసుకో."

తీసుకున్నాడు. వేలు గాల్లో ఆగిపోయింది. "నంబరు గుర్తులేదండీ."

"కట్టుకున్న పెళ్ళాం నంబరు నోటికి రాదూ?"

"పేరు నొక్కితే అదే పోతుంది కదండీ."

ఆవిడ నెత్తి కొట్టుకుంది. అతనికి నోటికొచ్చిన నంబరు ప్రపంచంలో ఒక్కటే. ఎన్నో లిఫ్టుల గోడలమీద తన చేత్తో అంటించిన సహాయం నంబరు. అదే నొక్కాడు.

"నమస్కారమండీ, లిఫ్టు సర్వీసు. ఎన్నో అంతస్తులో ఆగింది?" అంది పొట్టి బావ గొంతు.

"బావా, నేను."

"నువ్వా? నువ్వెక్కడ ఇరుక్కున్నావ్?"

"నేను బయట ఇరుక్కున్నాను బావా. బుజ్జిది లోపలుంది."

పొట్టి బావ నవ్వబోయాడు. ఈలోగా తలుపు సందులోంచి వచ్చిన ఏడుపు అతనికీ వినపడినట్టుంది, నవ్వు మానేశాడు. డ్రైవరమ్మ నంబరు తన దగ్గరుందన్నాడు, పెట్టేసి ఆవిడకి చేశాడు, మళ్ళీ వెంటనే ఇటు చేశాడు. ఆవిడ నిండు బస్సుతో రోడ్డుమీద ఉంది, తర్వాతి స్టాపులో ఇంకో డ్రైవరుకి అప్పగించి వచ్చేస్తోంది. తను కూడా పనిముట్లు తీసుకుని బయల్దేరుతున్నానన్నాడు, కానీ ఊరికి ఆ చివర ఉన్నాడు. "నువ్వు కూర్చో బావా. వీపు గోడకి ఆనించు" అన్నాడు.

"నా మాటలు నాకే చెప్తావేంట్రా!" అని మేస్త్రి కసురుకుని ఫోను పెట్టేశాడు.

అప్పుడు ఏడుపు ఆగింది.

పొద్దుట్నుంచీ ఏ చప్పుడు ఆగితే చాలని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడో, ఆ చప్పుడు ఆగింది. తగ్గి తగ్గి ఆగలేదు, సగంలో తెగిపోయింది. మేస్త్రి తలుపుకి చెవి ఆనించాడు. వంటింట్లో కుళాయి చుక్కలు పడుతున్నాయి. ఇంకేం లేదు. "బుజ్జీ" అని పిలిచాడు. "ఏడువమ్మా. ఏడువు, నాన్న ఏమీ అనడు" అన్నాడు. లోపల్నుంచి బదులు లేదు.

మెట్లమీద కూలబడ్డాడు. పిల్లని మంచంలో పెట్టాడు. పెట్టడం గుర్తుంది. ఎలా పెట్టాడు? తల కింద చెయ్యి వేశాడా? మెల్లిగా దించాడా, పడేశాడా? అంతకుముందు ఆ వేళ్ళు తెల్లబడి ఉండటం గుర్తుంది, ఆ తర్వాత రేకు తగిలించడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. ఎంత తవ్వినా ఆ మధ్యలోది దొరకలేదు. ఊపానా? ఒక్కసారైనా ఊపానా?

"పిన్నిగారూ," అన్నాడు. "పిల్లని ఎలా పడుకోబెట్టానో నాకు గుర్తులేదండీ."

ఆవిడ నిద్రపోయిందేమోలే అనబోయి, అతని మొహం చూసి ఆగింది. ఆ తర్వాత అతని చేతులు చూసింది. అవి మోకాళ్ళమీద వాటంతటవి అదురుతున్నాయి. ఆవిడకి అర్థమైంది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"లోపలికి రా. నీ పడకగది గోడ నా గదిదే. అందుకే కదా నాకు నిద్రలేనిది" అంది.

వంటింట్లోంచి ఒక గాజు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. "గోడకి ఆనించి విను. నా చెవులకి కేకలే వినపడతాయి, సన్నవి వినపడవు. నువ్వే వినాలి."

గ్లాసు గోడకి బోర్లించి, అడుగుకి చెవి పెట్టాడు. దబ్, దబ్, దబ్. వినపడింది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అది పిల్లది కాదని తెలిసింది. తన గుండే. గ్లాసు నిండా తన గుండె చప్పుడే, తన ఊపిరి బుసే. దాని వెనకాల పిల్ల ఉందో లేదో దేవుడికి తెలియాలి. ఊపిరి బిగబట్టాడు. గుండె ఇంకా గట్టిగా బాదింది. వందనుంచి వెనక్కి మొదలుపెట్టాడు, తొంభై ఏడు దగ్గర తప్పిపోయాడు. గుప్పిళ్ళు బిగించాడు. బిగించిన గుప్పిళ్ళు చూడగానే ఇందాకటి వేళ్ళు గుర్తొచ్చి వెంటనే విప్పేశాడు.

"ఏమైనా వినపడుతోందా?"

"నా చప్పుడు తప్ప ఏదీ వినపడట్లేదండీ!" అన్నాడు. "నాదే, అంతా నాదే వినపడుతోంది!"

"అయితే నీది తగ్గించుకో. తగ్గితేగానీ దానిది వినపడదు" అంది పిన్ని, ఇదేదో పొయ్యిమీద పాలు పొంగుతుంటే సెగ తగ్గించమన్నట్టు. ఆ తర్వాత తనే అతని భుజం పట్టుకుని కిందికి నొక్కింది. "నిలబడి ఎంతసేపు? కూర్చో."

నేలమీద కూర్చున్నాడు. గ్లాసు కిందికి జరిపి మళ్ళీ చెవి పెట్టాడు. చేసేదేం లేక, దిక్కుతోచక, లిఫ్టు కప్పుమీద కూర్చుని లోపలివాళ్ళకి చెప్పే మాటలే మనసులో అనుకున్నాడు. వదలడం మీదుండండి. వదిలాడు. ఉఫ్‌మని కొవ్వొత్తి ఆర్పినట్టు కాకుండా, సన్నగా, పొట్ట వెన్నుకి అంటుకునేదాకా వదిలాడు. పీల్చుకోవడం అదే జరిగింది. మళ్ళీ వదిలాడు. ఊపాను కాబోలు అన్న మాట మళ్ళీ వచ్చింది. దాన్నీ రానిచ్చి, ఊపిరి మాత్రం వదులుతూనే ఉన్నాడు. ఎందరికో చెప్పాడుగానీ ఇది ఇంత కష్టమని ఎవరూ అతనికి చెప్పలేదు. నరకంలో నిలబడి నెమ్మదిగా ఉండమనడమే కదా ఇది. అయినా వదిలాడు. పిల్ల కోసం చెయ్యగలిగింది ఇంకేదీ మిగల్లేదు.

గ్లాసులో దబదబ కాస్త వెనక్కి జరిగింది. ఇంకాస్త జరిగింది. అటువైపు ఫ్యాను తిరిగే చప్పుడు తేలింది. దాని కింద ఏమీ లేదు. ఏమీ లేదు. వదులు.

హిక్.

కదల్లేదు. ఊపిరి బిగపట్టబోయి, బిగపట్టకుండా వదిలాడు.

హిక్. కాసేపటికి మళ్ళీ, హిక్. ఆ వెనకే, గుప్పెడు వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరించే తడి చప్పుడు.

మేస్త్రి గోడకి తలాన్చి గొల్లుమన్నాడు. పిన్ని హడలిపోయింది. "ఏమైందయ్యా? చెప్పి ఏడువు! ఏమైంది?"

"ఎక్కిళ్ళు, పిన్నిగారూ," అన్నాడు. "ఏడ్చి ఏడ్చి దానికి ఎక్కిళ్ళు పట్టాయండీ."

"అమ్మయ్య! నా గుండె ఆగినంత పని చేశావు కదయ్యా" అంది ఆవిడ, కుర్చీలో చతికిలబడి. "రేపట్నుంచి గోడ కొట్టనని మాత్రం చెప్పలేను. ఏడుపు వింటే నాకూ పిచ్చెక్కుతుంది. అంతగా అయితే దాన్ని మంచంలో పెట్టి వచ్చి ఇక్కడ కూర్చో. తాళంచెవి చూసి తెచ్చుకో" అంది.

పొట్టి బావ ఇంకా దారిలో ఉండగానే డ్రైవరమ్మ యూనిఫారంలోనే మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. చేతిలో తాళంచెవి ముందే తీసి పట్టుకుంది. మేస్త్రి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు. ఎలా ఉంది?"

"బాగుంది. ఎక్కిళ్ళు వినపడ్డాయి. తలుపు తియ్యకముందు ఒక మాట చెప్పాలి."

"తర్వాత చెప్దువుగాని, జరగవయ్యా!"

"తర్వాతైతే చెప్పలేను." ఈ మాట విన్నాక ఆవిడ పిల్లని తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోతుంది. వెళ్ళడమే న్యాయం కూడా. పొద్దుట్నుంచీ వదిలించుకోవాలనుకున్న ఆ ఏడుపు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఇందాక గోడవతల విన్నాడు. "తాళంచెవి మర్చిపోయి బయటికి రాలేదు నేను. నేనే వచ్చేశాను. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఊపెయ్యాలనిపించింది. ఊపలేదనుకుంటా. ఊపలేదు. కానీ అనిపించింది."

డ్రైవరమ్మ అతన్ని చూసింది. తర్వాత భుజంతో అతన్ని పక్కకి తోసి తాళం తీసింది.

చెప్పుల్తోనే లోపలికి పరుగెత్తింది. పడకగది తలుపు దగ్గర ఠక్కున ఆగిపోయింది. గొళ్ళేనికి ఎర్ర రేకు వేలాడుతోంది. ఆవిడ చెయ్యి దానిమీదికి వెళ్ళి, అక్కడే గాల్లో ఆగింది. లోపల పిల్ల సన్నగా రాగం మొదలుపెట్టింది. తల్లి ప్రాణం, ఆ రేకుని పీకి అవతల పారేసి లోపలికి ఉరకాలని ఉండదూ?

చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కకి జరిగింది.

"నువ్వు తగిలించావు," అంది. "నువ్వే తియ్యి."

అతను తీశాడు. ముందు అతనే లోపలికెళ్ళాడు. పిల్ల వెల్లకిలా పడుకుని, తల కింద గుడ్డ సరిగ్గా మడతపెట్టి ఉంది. మడతపెట్టింది తనే అయ్యుండాలి. ఎత్తుకున్నాడు. వెనక ఆవిడ నిలబడి అతని వేళ్ళే చూస్తోందని తెలుసు. చూడనిచ్చాడు. ఆ సాయంత్రమే ఇద్దరూ పిల్లని డాక్టరుకి చూపించారు, జరిగింది దాచకుండా చెప్పారు. ఆయన పిల్లని నిలువెల్లా పరీక్షించి, ఏమీ కాలేదన్నాడు. మంచంలో పెట్టి బయటికి రావడమే సరైన పని అని కూడా అన్నాడు. ఆ రాత్రీ, ఆ మర్నాడూ డ్రైవరమ్మ దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆ మౌనం అతన్ని తిట్టుకన్నా ఎక్కువ కాల్చింది. మనసులో ఏం పెట్టుకుందో, ఎప్పుడు సామాను సర్దుతుందో అని ఆవిడ ఏ అలమర తెరిచినా ఉలిక్కిపడేవాడు.

డ్రైవరమ్మ సెలవు రోజున అతను పిల్లకి పాలడబ్బా కొనడానికి బజారుకి వెళ్ళాడు. తిరిగొస్తుంటే కింది అంతస్తునుంచే ఏడుపు వినపడింది. మెట్లెక్కి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి, మూసుకుపోకుండా పీట అడ్డం పెట్టి ఉంది. తెరిచిన వాకిట్లోంచి, లోపల పడకగది గొళ్ళేనికి ఎర్ర రేకు వేలాడుతూ కనపడింది.

డ్రైవరమ్మ మెట్లమీద కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. గుప్పిళ్ళు బిగిస్తోంది, వదులుతోంది, మళ్ళీ బిగిస్తోంది. అతన్ని చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"నాకు ఇది కొత్త కాదు," అంది గోడవైపు చూస్తూ. "కాన్పు సెలవులో, నువ్వు పనికి పోయినప్పుడు. రెండుసార్లు. నీకు చెప్తే నన్నేమనుకుంటావో అని చెప్పలేదు."

మేస్త్రి చేతిలో సామాను కింద పెట్టాడు. లోపలికి వెళ్ళబోయాడు.

"ఉండు," అంది. "నేను తగిలించాను. నేనే తీస్తాను. కొంచెంసేపు."

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. లోపల పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. గోడమీద దబదబమని మూడు దెబ్బలు పడ్డాయి.

"వదలడం మీదుండు," అన్నాడు మెల్లిగా. "పీల్చడం సంగతి అదే చూసుకుంటుంది."

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఆ తర్వాత వదలడం మొదలుపెట్టింది.